ఆ దుమ్ము ఎవరి జీతం మీద పీల్చాం? రాతినార క్యాన్సర్ వచ్చిన మాజీ సైనికుడికి ఉన్న దారులు

మా పెద్ద బావ కేస్ షీట్‌లో "వృత్తి" అన్న గడిలో "రిటైర్డ్" అని రాసి ఉంది. ఆయనది తెనాలి పక్కన పల్లె. నేవీలో పదిహేనేళ్లు బాయిలర్ రూమ్‌లో పనిచేసి 1988లో బయటికొచ్చాడు. ఆ తర్వాత ఒక ఫ్యాక్టరీలో మళ్లీ బాయిలర్ దగ్గరే పన్నెండేళ్లు. 2023లో ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టింది. ముందు టీబీ అనుకుని మందులు వాడించారు. నీరు తీశారు, మళ్లీ పట్టింది. చివరికి బయాప్సీలో మెసోథీలియోమా, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్, అని తేలింది. అప్పటికి కాగితాలు బియ్యం సంచిలో సగం దాకా వచ్చాయి. వాటిలో ఎక్కడా "ఓడ" అన్న మాట లేదు, "ఆస్బెస్టాస్" (రాతినార) అన్న మాట లేదు. ఉన్నదల్లా "రిటైర్డ్", దాని కింద "బీడీలు కాల్చేవాడు".

నేనూ నేవీవాడినే, ఎలక్ట్రికల్ బ్రాంచి. విజయవాడలో స్థిరపడ్డాక తెలిసినవాళ్లకు పింఛను అర్జీలు రాసిపెట్టడం అలవాటైంది. బావ కోసం తిరిగి తెలుసుకున్నవి, ఏ దారి ఎవరికి పనికొస్తుందన్న నా లెక్కతో కలిపి రాస్తున్నాను.

ముందు అమెరికా ప్రకటనల సంగతి తేల్చేద్దాం. ఫోన్‌లో మెసోథీలియోమా అని కొట్టగానే నేవీ వెటరన్లకు లక్షల డాలర్లు ఇప్పిస్తామని లాయర్ల ప్రకటనలు వరదలా వస్తాయి. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. కొడుకు అక్కణ్నుంచి లింకు పంపుతాడు, తండ్రి ఇక్కడ ఆశపడతాడు. అవి అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్లకు. అక్కడ 1950 నాటి ఫెరెస్ తీర్పు వల్ల సైనికుడు సర్వీసులో తగిలిన నష్టానికి ప్రభుత్వం మీద దావా వేయలేడు. అందుకని ప్రభుత్వమిచ్చే వెటరన్ల పరిహారం ఒక పక్క, రాతినార సరుకు అమ్మి దివాలా తీసిన కంపెనీల ట్రస్టు నిధులు ఇంకో పక్క. 1982లో దివాలా తీసిన జాన్స్ మాన్విల్ వాటిలో పేరుమోసినది. బ్రిటన్‌లో మెసోథీలియోమా వచ్చిన మాజీ సైనికుడు కావాలంటే ఒకేసారి 1,40,000 పౌండ్లు తీసుకునే వీలు 2016 నుంచి ఉంది. మనకు ఆ ట్రస్టులూ లేవు, అలాంటి ఏకమొత్తమూ లేదు. కాబట్టి ఆ ఫారాలు నింపి ఆధార్ నంబరు, పీపీవో (పింఛను ఉత్తర్వు) నంబరు పంపకండి.

మనకున్న దారులను రోగం పేరు తేల్చదు. ఆ దుమ్ము ఎవరి జీతం తీసుకుంటున్నప్పుడు పీల్చామన్నది తేలుస్తుంది.

రాతినార అంటే పులివెందుల వైపు ఒకప్పుడు గనుల్లో తవ్విన రాయే. దారంలా సాగుతుంది, నిప్పుకు కాలదు. ఆ గుణం చూసే ఆవిరి ఓడల్లో పైపులకూ బాయిలర్లకూ టర్బైన్లకూ చుట్టేవాళ్లు. మన నేవీలో 1961లో చేరిన విక్రాంత్, 1972లో నీలగిరితో మొదలైన ఫ్రిగేట్లు, అన్నీ ఆవిరి ఓడలే. ఓడ మరమ్మతుకు ఎక్కినప్పుడు పైపు మీద వేడి ఆపడానికి చుట్టిన పూతను, అంటే లాగింగ్‌ను, సుత్తితో కొట్టి ఊడదీస్తే జల్లెడ పట్టిన పిండిలా కిందికి రాలిపడేదని బావ చెబుతాడు. పని దిగేసరికి చేతుల మీది వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవట. "ముగ్గు పోసొచ్చావా" అని తోటివాళ్లు ఎగతాళి. ఆ కాలంలో ఏ దేశపు ఓడలోనైనా అంతే. 2006లో మాత్రం ఫ్రాన్స్ తన క్లెమాన్సో యుద్ధనౌకను గుజరాత్‌లోని అలంగ్‌లో విరగ్గొట్టిద్దామని పంపి, రాతినార ఉందని గొడవైతే సగం దారిలోంచి వెనక్కి పిలిపించుకుంది. ఓడను వెనక్కి పిలవచ్చు. ఊపిరితిత్తిలో దిగిన నారను పిలవడానికి లేదు.

ఆ నార ఇరవై ముప్పై ఏళ్లు, ఒక్కోసారి నలభై దాటాక కూడా, లోపలే ఉండి అప్పుడు రోగంగా బయటపడుతుంది. ఎంపికలో చిక్కంతా ఈ ఆలస్యంతోనే.

మొదటి దారి, డిసేబిలిటీ పెన్షన్. సర్వీసులో ఉన్న పరిస్థితుల వల్ల రోగం వచ్చిందనో ముదిరిందనో, దాంతోపాటు వైకల్యం కనీసం 20 శాతమనీ మెడికల్ బోర్డు ఒప్పుకుంటే మామూలు పింఛనుకు డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే వైకల్యం కింద వచ్చే భాగం, కలుస్తుంది. నూరు శాతానికి ఆఖరి జీతంలో 30 శాతం. లెక్కలో జీతం 40,000 అయితే నూరు శాతానికి నెలకు 12,000, యాభై శాతానికి 6,000. రామ్ అవతార్ కేసులో 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రౌండింగ్ కూడా దక్కుతుంది: 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 దాకా ఉంటే 75గా, ఆపైన ఉంటే 100గా కడతారు. మీరు 2023 సెప్టెంబర్ 21 తర్వాత రిటైరైతే మీకు కొత్త రూల్స్, అంతకుముందైతే పాతవి. ఎవరో వాట్సాప్‌లో పంపిన సర్క్యులర్ చూసి కంగారుపడే ముందు మీ డిశ్చార్జి తేదీ చూసుకోండి.

ఇక్కడే అసలు ముడి ఉంది. డిశ్చార్జి తర్వాత బయటపడిన రోగాన్ని సర్వీసుకు అంటగట్టాలంటే ఇన్నేళ్లలోపు బయటపడాలని రూల్స్‌లో గడువుంది. మెసోథీలియోమాకు పట్టే కాలం ఆ గడువును ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి మొదటి జవాబు తిరస్కరణే అని మనసులో అనుకునే అర్జీ పెట్టాలి. బావకూ అదే వచ్చింది, నాలుగు లైన్లలో. అయితే అదే రూల్‌లో మనకు పనికొచ్చే మాట కూడా ఉంది: సర్వీసు పరిస్థితుల వల్ల లోపల మొదలైన జబ్బు ఆలస్యంగా బయటపడిందని వైద్యపరంగా చూపగలిగితే దాన్ని సర్వీసుదిగా లెక్కేయవచ్చు. మెసోథీలియోమాకు ఈ మాట కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. దానికి కారణాలు వెతికితే రాతినార తప్ప చెప్పుకోదగ్గవి చాలా తక్కువ, బీడీ దానికి కారణం కానే కాదు. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో పరిస్థితి వేరు. పొగ అలవాటుంటే బోర్డు దాన్నే పట్టుకుంటుంది. పొగా రాతినారా కలిస్తే ముప్పు కూడిక లెక్కలో కాక గుణకారం లెక్కలో పెరుగుతుందని డాక్టరు చేత స్పష్టంగా రాయించాలి.

చాలామంది ధరమ్‌వీర్ సింగ్ కేసును, 2013 సుప్రీంకోర్టు తీర్పును, తారకమంత్రంలా చెబుతారు. చేరేటప్పుడు రోగం నమోదు కాలేదంటే ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క, ఆ తర్వాత వచ్చినదానికి సర్వీసు కారణం కాదని నిరూపించాల్సింది యాజమాన్యమే అని దాని సారం. మంచి తీర్పే. కానీ అది సర్వీసులో ఉండగానే రోగం కనబడినవాళ్లకు బలం. ముప్పై అయిదేళ్ల తర్వాత బయటపడిన రోగానికి దాని మీదే భారం వేస్తే అవతలి లాయరు రెండు నిమిషాల్లో పక్కన పెడతాడు. మనకు కావాల్సింది డాక్టరు కాగితం, దాని పక్కన ఓడల జాబితా.

అర్జీ వెళ్లాల్సిన చోటు: నేవీ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్డ్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, ఆర్మీవాళ్లకు వాళ్ల రెజిమెంటు రికార్డ్ ఆఫీసు, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ సుబ్రతో పార్క్‌లోని రికార్డ్ ఆఫీసు. ఆ పైన మొదటి అప్పీలు, రెండో అప్పీలు. వీటికి డబ్బు ఖర్చేమీ లేదు, ఓపికే ఖర్చు. విజయవాడలోగానీ గుంటూరులోగానీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే అర్జీ నమూనా చూపించి పంపిస్తారు.

అప్పీళ్లు పోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. ఆంధ్రావాళ్లకు చెన్నై బెంచి. పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు గానీ, కీమో మధ్యలో ఉన్న మనిషిని తిప్పే పని కాదు, లాయరు చాలు. ఆఖరి ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు వేయాలి. ఆలస్యమైనా పింఛను నెలనెలా పుట్టే హక్కు కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోదు, కాకపోతే తర్సేమ్ సింగ్ కేసులో 2008 తీర్పు ప్రకారం బకాయిలు మామూలుగా మూడేళ్లకే పరిమితం. ఎన్నాళ్లు వాయిదా వేస్తే అన్నాళ్ల బకాయి పోయినట్టే. ట్రిబ్యునల్‌లో ఓడితే హైకోర్టుకు వెళ్లే వీలుందని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. నేలపాడులో మన హైకోర్టు దగ్గరే ఉంది కదా అని ట్రిబ్యునల్‌ను దాటేసి నేరుగా రిట్ వేద్దామని కొందరు అంటారు. నేనైతే వద్దంటాను. ముందు ట్రిబ్యునల్‌కు వెళ్లిరండి అనే మాట వినడానికే ఏడాది పోతుంది.

రెండో దారి గురించి ఎవరూ చెప్పరు, రిటైరయ్యాక చేసిన ఉద్యోగం. ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం 1923 నాటిది. దాని మూడో షెడ్యూల్లో రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తి క్యాన్సర్, మెసోథీలియోమా పేర్లతో సహా ఉన్నాయి. రాతినార పనిలో ఒకే యజమాని కింద ఆరు నెలలకు తక్కువ కాకుండా చేసి ఉంటే, రోగం ఆ పని వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది, కాదని చూపాల్సింది యజమాని. డిసేబిలిటీ పెన్షన్‌లో మనం మోసే బరువు ఇక్కడ అవతలివాడి నెత్తి మీద ఉంటుంది. ఇంత మంచి చట్టం సైనికుడికి ఎందుకు చెప్పరంటే, సాయుధ బలగాల సభ్యుడిగా చేసిన పనికి ఇది వర్తించదని అందులోనే రాసి ఉంది. నేవీ పదిహేనేళ్లకు ఇది పనికిరాదు. ఫ్యాక్టరీ పన్నెండేళ్లకు పనికొస్తుంది.

డబ్బు ఎంతంటే, జీతం లెక్క 15,000కు మించదు. పూర్తి శాశ్వత వైకల్యమైతే అందులో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. అరవై అయిదు దాటినవాడికి గుణకం 99.37. అంటే 9,000 ఇంటూ 99.37, మొత్తం 8,94,330 రూపాయలు. ఒకేసారి వచ్చే డబ్బు, చికిత్స నడుస్తున్న ఇంటికి ఇది మామూలు సంగతి కాదు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. రోగాల పట్టిక అందులోనూ మూడో షెడ్యూలే.

గడువు బాధ ఇక్కడా తప్పలేదు. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడినవాడికి పాత చట్టం దారి సులువు చేసింది. ఆ తర్వాత కనబడితే, ఆలస్యానికి తగిన కారణం చూపి, ఈ చట్టం కింద పరిహారం తేల్చే కమిషనర్‌ను ఒప్పించాలి. అక్కడ కూడా రోగం నిద్రపోయే కాలమే మన కారణం. ఈఎస్ఐ కోత పడిన ఉద్యోగమైతే దారి కమిషనర్ దగ్గరికి కాదు, ఈఎస్ఐ దగ్గరికే. రెండూ కలిపి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

ఫ్యాక్టరీ రాతినార ఫ్యాక్టరీయే అయితే 1995 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు చేతిలో పెట్టుకోండి. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అన్నాళ్లు దాచాలని అందులో ఉంది. రికార్డు అడగండి. లేదంటే లేదని రాసిమ్మనండి. ఆ "లేదు" అన్న కాగితం కూడా మనకు సాక్ష్యమే.

ఆటోనగర్‌వాళ్లకు చేదు మాట ఒకటి చెప్పాలి. ఆర్మీలో బండ్లూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ వర్క్‌షాపుల్లో చేసొచ్చి ఇక్కడ సొంత షెడ్డు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. లారీ బ్రేక్ డ్రమ్ విప్పి కంప్రెసర్ గాలితో ఊదితే లేచే ఆ నల్లటి దుమ్ములో పాత లైనింగుల రాతినార ఉండేది. సొంత షెడ్డుకు యజమాని మీరే, అడగడానికి ఎవరూ లేరు. మీకు మిగిలింది ఆర్మీ సర్వీసు దారి ఒక్కటే. అక్కడ కూడా అవతలివాళ్లు ఈ షెడ్డునే చూపిస్తారు.

అందుకే నేను అందరికీ ఒకటే చెబుతాను: రెండు అర్జీలు పెట్టండి గానీ రెండు కథలు చెప్పకండి. పెన్షన్ అర్జీలో ఓడ ఒక్కటే రాసి, కమిషనర్ దగ్గర ఫ్యాక్టరీ ఒక్కటే రాస్తే, ఒకరోజు ఆ రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పడతాయి. పద్దెనిమిదో ఏట నుంచి ఏ ఏడాది ఎక్కడ, ఏ పని, ఏ దుమ్ము అన్నది ఒక పేజీలో రాసి అదే పేజీ రెండు చోట్లా జత చేయండి. రెండు ఉద్యోగాలూ కలిసి రోగం తెచ్చాయని చెప్పడంలో నష్టం లేదు. దాచడంలో ఉంది.

చికిత్స ఖర్చు విషయంలో ఎంపిక తేలిక, కానీ తప్పు కూడా అంతే తేలిగ్గా జరుగుతుంది. డెబ్భై దాటినవాళ్లకు అయిదు లక్షల ఆయుష్మాన్ కార్డు వచ్చాక బావ పేరు కూడా రాస్తామని ఎవరో ఇంటికొచ్చారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఈసీహెచ్ఎస్‌లో చికిత్సకు ఇంతే అన్న పరిమితి లేదు, భార్యకూ వర్తిస్తుంది. క్యాన్సర్ మందుల ముందు అయిదు లక్షలు ఎన్నాళ్లు ఆగుతాయి? పాలీక్లినిక్ నుంచి రెఫరల్ కోసం నిలబడటం విసుగే, అయినా వదులుకోకండి. 1996కు ముందు రిటైరై ఇప్పటిదాకా చేరనివాళ్లకు చందా కూడా లేదు. పదిహేనేళ్లు నిండకుండా వచ్చి పింఛను లేనివాళ్లకు మాత్రం ఈసీహెచ్ఎస్ రాదు. వాళ్లకు రాష్ట్ర వైద్య సేవ కార్డో ఆయుష్మానో ఒక దారి, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే తీవ్ర జబ్బుల సాయం ఇంకో దారి.

అక్క ముందు ఎత్తలేని మాట ఇంకొకటి ఉంది. మామూలు కుటుంబ పింఛను ఆఖరి జీతంలో 30 శాతం. మరణానికి సర్వీసే కారణమని ఒప్పుకుంటే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, అది 60 శాతం. సరిగ్గా రెట్టింపు. రెండింటికీ మధ్య ఉన్న తేడా అంతా భర్త బతికుండగా పోగుచేసిన కాగితాలే. ఆయన అర్జీ పెట్టి, తిరస్కరణ తెచ్చుకుని, అప్పీలు వేసి ఉంటే భార్య అక్కణ్నుంచి కొనసాగిస్తుంది. లేదంటే మొదటి మెట్టు నుంచి ఒంటరిగా ఎక్కాలి. ఆస్పత్రి ఇచ్చే మరణ కారణ ధ్రువపత్రంలో "గుండె, శ్వాస ఆగిపోవడం" అని రాసి ఊరుకుంటారు. దాని కింది గడిలో మూల కారణంగా మెసోథీలియోమా పేరు పడేలా ఆ గంటలోనే అడగాలి. ఆ గంటలో ఎవరికి గుర్తుంటుంది? అందుకే మేనల్లుడికి ముందే చెప్పి పెట్టాను.

కాగితాల సంగతి చెప్పి ఆపుతాను. తీసిన నీటిని పరీక్షించిన రిపోర్టు ఒక్కటే చాలదు, బయాప్సీ ముక్క మీద ఇమ్యునో పరీక్ష చేసిన రిపోర్టు ఉండాలి. ఆ ముక్కను మైనంలో దాచిన బ్లాకును, స్లైడ్లను ల్యాబు నుంచి అడిగి తెచ్చుకోండి, తర్వాత ఏ బోర్డయినా మళ్లీ చూడొచ్చు. మీరు ఏ ఓడల్లో ఎన్నాళ్లు ఉన్నారో సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అదే ఓడలో చేసిన ఇద్దరు పాత సహచరుల చేత నోటరీ అఫిడవిట్ రాయించండి, ఎనభై ఏళ్లకు దగ్గరపడుతున్నవాళ్లు కాబట్టి అది ముందు చేయండి. వృత్తి వ్యాధి అభిప్రాయం విషయంలో క్యాన్సర్ డాక్టరు ఒక్కరితో సరిపెట్టకుండా, మంగళగిరి ఎయిమ్స్ లాంటి బోధనాసుపత్రిలో ఛాతీ వైద్యుల చేత కూడా రాయించడం నాకు మేలనిపించింది. వాళ్లు పని చరిత్ర అడుగుతారు.

మొన్న మంగళవారం బావను చూపించడానికి వెళ్లినప్పుడు జూనియర్ డాక్టరమ్మ కొత్త కేస్ షీట్ తెరిచింది. వృత్తి గడి దగ్గరికి రాగానే బావ అలవాటుగా "రిటైర్డ్ అమ్మా" అన్నాడు. ఆగమన్నాను. ఆమె నవ్వి, కొట్టేసి, మేం చెప్పింది చెప్పినట్టే రాసుకుంది: 1973 నుంచి 1988 దాకా నేవీ ఓడల్లో బాయిలర్ రూమ్, తర్వాత పన్నెండేళ్లు ఫ్యాక్టరీ బాయిలర్, రెండు చోట్లా రాతినార లాగింగ్ పని. గడి చాలక పక్క మార్జిన్‌లోకి పోయింది. దాని మీద సంతకం, స్టాంపు వేయించుకుని రెండు కాపీలు తీయించాం. ఒకటి అప్పీలుకు, ఒకటి కమిషనర్‌కు.